కట్ చెయ్యకూడదంట: మా పాప పియానో పోటీ, నా అనుభవం

నేను అనంతపురంలో పెళ్ళిళ్ళకు ఫోటోలు, వీడియోలు తీస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఇందులో సగం కెమెరా పట్టుకోవడం, మిగతా సగం కత్తిరించడం. తాళి కట్టేటప్పుడు మేనమామ వీపు అడ్డం వస్తే కట్, పంతులుగారు దగ్గితే కట్, భోజనాల దగ్గర ఎవరైనా కెమెరాను చూసి మొహం తిప్పుకుంటే కట్. రెండు రోజుల పెళ్ళిని రెండు గంటలు చేసి ఇస్తేనే నాకు డబ్బులు. అట్లాంటివాడి ముందు పదమూడేళ్ళ మా పాప పోయిన ఏడాది ఒక నిబంధనల కాగితం పెట్టింది. ఇటలీలో పిల్లలకు జరిగే అంతర్జాతీయ పియానో పోటీ. మొదటి రౌండు వీడియోలోనే. వీడియో మొత్తం ఒకే టేకులో ఉండాలి, కెమెరా కదలకూడదు, బొమ్మను గానీ శబ్దాన్ని గానీ ఎడిట్ చేయకూడదు, చేసినట్టు తెలిస్తే పోటీలోంచి తీసేస్తారు.

"చూడు నాన్నా, నీకు పనే లేదు" అంది. పని లేదంట. మూడు నెలలు నాకు నిద్ర లేదు.

మా ఇంట్లో సంగీతం అంటే శుక్రవారం మా ఆవిడ పాడుకునే పాటలే. పాప చిన్నప్పుడు మా వీధి చివరి చర్చిలో కీబోర్డు వాయించే అన్న దగ్గర కూర్చుని 61 మెట్ల క్యాసియో మీద వేళ్ళు పెట్టడం నేర్చింది. తర్వాత ఆ అన్నే, ఇంక నా వల్ల కాదు సార్, ఈ పిల్లకు సరైన టీచర్ కావాలి అని బెంగళూరులో ఉండే ఒక మేడమ్ నంబర్ ఇచ్చాడు. వారానికి రెండుసార్లు ఆన్‌లైన్ క్లాసు, నెలకోసారి బెంగళూరు ప్రయాణం. 88 మెట్ల డిజిటల్ పియానో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు పెట్టే సంగీతం పరీక్షల్లో ఆరో గ్రేడు దాకా వచ్చింది. మంచి మార్కులే. కానీ పరీక్ష వేరు, పోటీ వేరు అని మేడమ్ ముందే చెప్పింది. పరీక్షలో తప్పులు పోగా ఎంత మిగిలిందో చూస్తారు, పోటీలో అసలు నిన్నెందుకు వినాలి అని చూస్తారు అని.

మా పాప వయసు విభాగానికి మూడు ముక్కలు అడిగారు: పాతకాలపు యూరప్ స్వరకర్తల్లో బాఖ్‌ది ఒకటి, హేడన్, మొజార్ట్, బీథోవెన్‌లలో ఒకరి సొనాటాలో (కొన్ని భాగాలుగా ఉండే పెద్ద ముక్క అది) మొదటి భాగం, ఇష్టం వచ్చింది ఇంకొకటి. మొత్తం 8 నిమిషాలకు తగ్గకూడదు, 12 దాటకూడదు, నోట్స్ ముందు పెట్టుకోకుండా కంఠస్థం వాయించాలి. బాఖ్ నుంచి ఎనిమిదో ఇన్వెన్షన్ తీసుకున్నారు, రెండు చేతులూ రెండు గొంతుల్లా పలికే చిన్న ముక్క. కుడి చెయ్యి ఒక మాట అంటుంది, ఎడమ చెయ్యి ఒక్క అడుగు వెనక అదే మాట కింది స్థాయిలో అంటుంది, చిన్నపిల్లలు పెద్దవాళ్ళను వెక్కిరించినట్టు. నిమిషంలో అయిపోతుంది, ఆ నిమిషంలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. రెండోది హేడన్ సొనాటా, డి మేజర్ అనే స్వరవరసలోది, 1780లో అచ్చయిన ఆరింటిలో ఒకటి. ఆ ఆరింటినీ ఆయన వియన్నాలో ఒక డాక్టర్ గారి ఇద్దరు కూతుళ్ళకు అంకితమిచ్చాడంట. ఆ డాక్టర్ ఎవరనుకున్నారు? రోగి ఛాతీ మీద వేళ్ళతో తట్టి, శబ్దాన్ని బట్టి లోపలి జబ్బు కనిపెట్టే పద్ధతిని లోకానికి చెప్పిన ఆవెన్‌బ్రుగర్. ఇది తెలిసిన రోజు నుంచి ఆ ముక్క నాకు బాగా నచ్చింది, ఎందుకో చెప్పలేను.

మూడోది షొపాన్ అనే ఆయన వాల్ట్జ్, అంటే మూడు దెబ్బల లెక్కలో నడిచే డాన్సు ముక్క, సి షార్ప్ మైనర్ స్వరవరసలోది. దాని గురించి తర్వాత చెప్తా, మా కొంప ముంచింది అదే.

దరఖాస్తు సంగతి తొందరగా చెప్పేస్తా. ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఒక గడిలో రాయమంటారు. పాప ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. వయసు రుజువుకు పాస్‌పోర్టు పంపుతున్నాం కాబట్టి అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, లేకపోతే మధ్యలో ఉత్తరాలు నడుస్తాయి. ఫీజు 60 యూరోలు. కార్డు మూడుసార్లు తిరస్కరించింది. బ్యాంకులో తిట్టుకుంటూ కూర్చున్నాక తెలిసింది, 2020 నుంచి మన కార్డులు ఇచ్చేటప్పుడే విదేశీ చెల్లింపులు ఆపేసి ఇస్తారంట, యాప్‌లోకి వెళ్ళి మనమే ఆన్ చేసుకోవాలి. రెండు నిమిషాల పని, నాకు రెండు రోజులు పట్టింది. పాప గురించి వంద మాటల్లో పరిచయం రాయమంటే మేడమ్ రాసిచ్చింది. ఫోటో ఒక్కటే నేను గర్వంగా పంపింది.

అసలు కథ రికార్డింగ్.

మొదట ఇంట్లోనే ప్రాక్టీస్ రికార్డింగులు చేసి మేడమ్‌కు పంపేవాళ్ళం. ఫోన్‌తో తీశా. మేడమ్ విని, పాప అన్నీ ఒకే గట్టితనంతో వాయిస్తోందే, మెల్లగా రావాల్సినవి మెల్లగా రావడం లేదు అంది. పాప ఏడుపు మొహం పెట్టింది, నేను మెల్లగానే వాయించా నాన్నా అని. రెండు రోజులు కొట్టుకున్నాక దొంగ దొరికాడు: ఫోన్. ఫోన్‌లో మైకు తనంతట తానే సర్దుకుంటుంది, చిన్న శబ్దాన్ని పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. మనిషి మాటకు అది మంచిదే. కానీ ఈ వాయిద్యానికి మొదట పెట్టిన ఇటాలియన్ పేరులోనే మెల్లగా, గట్టిగా అనే రెండు మాటలుంటాయి, అందులో మెల్లగా అన్న ముక్కే పియానో. ఫోన్ ఆ రెండింటినీ కలిపి ఇస్త్రీ చేసినట్టు చదును చేసేస్తోంది. ఇరవై ఏళ్ళు మైకులతో బతికినవాణ్ణి, నాకు ముందే తట్టలేదే అని సిగ్గేసింది. తర్వాత కెమెరాలో ఆటో లెవెల్ ఆపేసి, మైకులు రెండు పియానోకు ఆరడుగుల దూరంలో స్టాండు మీద పెట్టి, పాప వాయించేదాంట్లో అన్నిటికన్నా గట్టి చోటు ముందే వాయించమని, దానికి కొంచెం ఖాళీ వదిలి లెవెల్ పెట్టి, ఇంక ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళ కాలర్ మైకులు దీనికి పనికిరావు, ప్రయత్నించి చెప్తున్నా.

ఇంట్లో ఇంకో బాధ, చుట్టుపక్కల శబ్దాలు. ఉల్లిపాయల బండివాడి మైకు, మున్సిపాలిటీ చెత్తబండి పాట, పక్కింటి కుక్కర్, కింద బోరు మోటారు. ఒకరోజు అన్నీ ఆగాయి అనుకుంటే కరెంటు పోయింది, డిజిటల్ పియానో కాబట్టి పాప వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి, శబ్దం లేదు. అదొక్కటే మా ఆవిడ నవ్విన రోజు.

పోటీకి మాత్రం డిజిటల్ ఒప్పుకోరు, అసలు పియానో కావాలి. మా ఊళ్ళో అట్లాంటి గ్రాండ్ పియానో మాకు దొరకలేదు. మేడమ్ బెంగళూరులో గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న హాలు చూసింది, మూడు గంటలు తీసుకున్నాం. ఏప్రిల్‌లో, తెల్లవారుజామున నాలుగింటికి కారులో బయల్దేరాం, దాదాపు 210 కిలోమీటర్లు. ముందురోజు రాత్రి మా ఆవిడ ఉగ్గాని, బజ్జీలు చేసిచ్చింది. పాప ఒక్క బజ్జీ కూడా తినలేదు, వేళ్ళకు నూనె అంటుతుందంట.

గ్రాండ్ పియానో దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. మూత ఎత్తితే లోపల 230 దాకా తీగలు, ఒక్కో మెట్టుకు ఒక్కో సుత్తి. పాప మొదటి అరగంట ఊరికే వేళ్ళు అలవాటు చేసుకుంది. మెట్లు బరువుగా ఉన్నాయి, ఎడమవైపు మంద్ర స్వరాలు గది అంతా నిండిపోతున్నాయి అంది. నాకు అది మంచి మాటలాగే వినిపించింది. కాదని తర్వాత తెలిసింది.

కెమెరా కుడివైపు నుంచి పెట్టా. మొహం, రెండు చేతులు, మెట్లన్నీ, పెడల్ మీద కాలు ఒకే ఫ్రేములో కనిపించాలి. ఏసీ శబ్దం వస్తోందని ఆపేశాం, ఫ్యాన్లూ ఆపేశాం. పది నిమిషాల్లో అందరికీ చెమటలు.

మొదటి టేకు. బాఖ్ చక్కగా పోయింది. హేడన్ ఇంకా బాగా పోయింది. వాల్ట్జ్ మొదలైంది, అయిపోయింది. నేను లోపల ఎగిరి గంతేశా, మొదటి టేకే ఓకే, ఇంక మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు అని. చూస్తే పాప చేతులు ఒళ్ళో పెట్టుకుని మెట్ల వంక చూస్తోంది, మేడమ్ నుదురు పట్టుకుంది.

సంగతేమంటే ఆ వాల్ట్జ్‌లో తిరుగుతూ పరిగెత్తే ఒక భాగం మూడుసార్లు వస్తుంది, మన పాటలో చరణం చరణానికీ పల్లవి వచ్చినట్టు. మొదటిసారి వచ్చాక నెమ్మదైన ఒక ముక్కలోకి పోవాలి. రెండోసారి వచ్చాక మళ్ళీ మొదటికి పోవాలి. మూడోసారి వచ్చాకే ముగించాలి. స్వరాలు దాదాపు అవే కాబట్టి నువ్వు ఎన్నోసారిలో ఉన్నావో వేళ్ళకు తెలీదు, తలలోనే లెక్క ఉండాలి. పాప రెండోసారికే మూడోసారి ముగింపు వాయించేసింది. దాదాపు నిమిషం ముక్క ఎగిరిపోయింది, వినేవాడికి ఏమీ తెలీదు, పెళ్ళిలో సప్తపదిలో నాలుగు అడుగులకే లేచిపోయినట్టు. నాకూ తెలీలేదు కదా.

పాప బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. "ఇంగొకసారి నాన్నా" అంది, అంతే.

రెండో టేకులో వాల్ట్జ్ ఎంత బాగా వచ్చిందో, నాకే కళ్ళు చెమర్చాయి. కానీ హేడన్ మధ్యలో రెండు తప్పు స్వరాలు, స్పష్టంగా. మూడో టేకులో అన్నీ కుదిరాయి, కానీ వాల్ట్జ్‌లో ఆ నెమ్మదైన ముక్క దగ్గర, గది అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, బయట రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. నాలుగో టేకు మొదలుపెట్టాం గానీ పాప వేళ్ళు అలిసిపోయాయి, మధ్యలోనే ఆపించా. టైము కూడా అయిపోయింది.

ఇప్పుడు నా గురించి ఒక నిజం చెప్పాలి. ఆ రాత్రి ఇంట్లో రెండు టేకులూ కంప్యూటర్‌లో వేసుకుని కూర్చున్నా. రెండో టేకులో పాడైంది రెండు సెకన్లు. మూడో టేకులో అదే చోటు శుభ్రంగా ఉంది. అదే కెమెరా, అదే కోణం, అవే బట్టలు. పంపాలని కాదు, అతుకుతుందా లేదా చూద్దామని. పెళ్ళి వీడియోలో అయితే కళ్ళు మూసుకుని చేస్తా. అతికించా. బొమ్మ అతికింది, ఎవరూ కనిపెట్టలేరు. శబ్దం దగ్గరే, ముందు స్వరాల మోత ఇంకా గాల్లో ఉండగానే కొత్త ముక్క మొదలైంది, దాని తోక ఎక్కడో తెగింది. చాలా సన్నగా. నాకు వినిపించీ వినిపించనట్టు ఉంది. పక్క గదిలోంచి, నిద్రపోయిందనుకున్న పాప గొంతు: "నాన్నా, అక్కడ ఏందో తెగింది." తీసేశా. మూడో టేకు, హారన్‌తో సహా, అట్లే పెట్టాం.

అప్‌లోడ్ గురించి రెండు ముక్కలు. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్ళకే తెరుచుకునేట్టు పెట్టి, ఆ లింకు పంపమన్నారు. నేను కంగారులో ప్రైవేట్ అని పెట్టా, అట్లా పెడితే జడ్జీలకు తెరుచుకోదు. మేడమ్ తన ఫోన్‌లో నొక్కి చూసింది కాబట్టి బతికిపోయాం. మీరు కూడా ఇంకొకరి ఫోన్‌లో నొక్కి చూశాకే పంపండి. గడువు అక్కడి అర్ధరాత్రి అంటే ఏప్రిల్‌లో మనకు తెల్లవారి మూడున్నర. అంతదాకా ఆగకండి, నేను ఆగాను.

మూడు వారాలకు మెయిల్ వచ్చింది. ఫైనల్‌కు ఎంపిక కాలేదు. పాప ఒక పూట మాట్లాడలేదు, మధ్యాహ్నం అన్నం తిన్నాక, జడ్జీల కామెంట్లు వచ్చాయా చూపించు అంది. ముగ్గురు రాశారు. బాఖ్‌లో రెండు చేతులూ విడివిడిగా స్పష్టంగా వినిపించాయని ఒకరు, హేడన్‌లో లయ బాగుందని ఒకరు. వాల్ట్జ్ దగ్గర మాత్రం ముగ్గురూ ఒకటే రాశారు, ఎడమ చెయ్యి చాలా బరువుగా ఉంది, కుడి చేతి పాటను మింగేస్తోంది అని. ఆ మంద్ర స్వరాలు గది నిండిపోతున్నాయని పాప మొదటి అరగంటలోనే చెప్పింది. ఇంట్లో డిజిటల్‌లో స్పీకరు ఎంత ఇస్తే అంతే కాబట్టి ఎడమ చేతిని అణిచి వాయించే అవసరం పడలేదు. మళ్ళీ వెళ్తే ముందురోజే వెళ్ళి ఆ పియానో మీద రెండు గంటలు వాయించాలని మేడమ్, నేను అనుకున్నాం. ఖర్చు ఎక్కువే అవుతుంది, చూడాలి.

ఆటో హారన్ గురించి ఒక్కరూ రాయలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున ఆరింటి నుంచి వాల్ట్జ్ ఎడమ చెయ్యి ఒక్కటే వినిపిస్తోంది, ఒక దెబ్బ గట్టిగా, రెండు మెల్లగా, ఒక దెబ్బ గట్టిగా, రెండు మెల్లగా, రోజూ గంట. నిన్న పక్కింటి పెద్దమ్మ పాలు తీసుకుంటూ మా ఆవిణ్ణి ఆపి అడిగింది, ఏమి మా, పాపకు కుడి చేతికి ఏమన్నా దెబ్బ తగిలిందా అని.