మోటుపల్లి మీదుగా చీరాల

గుంటూరు వాళ్ళకు సముద్రమంటే సూర్యలంకే. ఆదివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని బాపట్ల మీదుగా వెళ్ళడం, ఎండ ముదిరేదాకా నీళ్ళలో ఆడి, ఒంటినిండా ఇసుకతో ఇల్లు చేరడం. మధ్యలో భావనారాయణస్వామి గుడి దగ్గర ఆగేవాళ్ళు కూడా తక్కువే. మేమూ అక్కడ కాళ్ళు తడుపుకున్నాం, టీ తాగాం. కానీ ఈసారి మా బావ వెంట ఉన్నాడు. ఆయన చరిత్ర మేష్టారు. ‘ఈ నీళ్ళకేం గానీ, అసలు రేవు చూపిస్తా పదండి’ అని కారును దక్షిణానికి తిప్పించాడు.

చీరాల, వేటపాలెం దాటి చినగంజాం వైపు వెళ్తుంటే తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, ఆ తర్వాత ఉప్పు మడులు. అక్కడికి దగ్గరలోనే మోటుపల్లి. పుస్తకంలో ఆ పేరు చదివి వచ్చినవాళ్ళెవరూ ఊరిని చూసి నమ్మరు. కాకతీయుల కాలంలో విదేశీ ఓడలు ఆగిన మహా రేవు ఇదేనంటే మా ఆవిడ కూడా నమ్మలేదు. ఊళ్ళో నిలబడితే సముద్రం కనిపించదు. గుడి ముందు కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూడగానే, ‘బీచీకి ఇటు కాదు బాబూ’ అని దారి చెప్పబోయాడు. శాసనం కోసం వచ్చామంటే ముఖం విప్పారింది. లేచి తానే ముందు నడిచాడు.

వీరభద్రస్వామి గుడిలోని స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అరిగిన చోట అక్షరం కంటికి అందదు, వేలితో తడిమితే గాడి మాత్రం తెలుస్తుంది. బావ తన నోటుపుస్తకంలోంచి అర్థం చదివాడు. గాలివానకు ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద అంత సాహసం చేసి వచ్చినవాళ్ళ మీద దయతో, సుంకం తప్ప మిగిలినదంతా వాళ్ళకే వదిలేస్తున్నామని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ సుంకం కూడా ముప్పైవ వంతు. దయ, ధర్మం, కీర్తి అని రాతిలో ఉన్నా, వర్తకుడికి భరోసా లేకపోతే రేవుకు ఓడ రాదన్న లెక్క రాజుకు బాగా తెలుసని నాకనిపించింది.

మాది మిర్చి వ్యాపారం చేసే ఇల్లు. అందుకేనేమో, నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది సరుకుల పట్టిక. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. మిరపకాయ మాత్రం లేదు. ఉండదు కూడా. అమెరికా ఖండపు మిరప పోర్చుగీసు ఓడలెక్కి మన దేశం చేరడానికి అప్పటికింకా రెండున్నర శతాబ్దాలకు పైగా ఉంది. గుంటూరు పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ ఘాటు, రుద్రమదేవి నాలుక ఎరగనిదన్నమాట!

కాకతీయులు పోయాక కూడా రేవు నడిచింది. కొండవీటి అనవోతారెడ్డి 1358లో ఇక్కడే మరో శాసనంతో వర్తకులకు రాయితీలిచ్చాడు. అంతకుముందు, పదమూడో శతాబ్దం చివర్లో, మార్కో పోలో ఈ సీమను ముత్ఫిలి అని రాసుకున్నాడు. న్యాయంగా ఏలిన రాణిని, వజ్రాలను, సాలెగూడంత పలచని బట్టలను మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారుల మాట.

తిరుగు దారిలో వేటపాలెంలో ఆగాం. మా ఆవిడ జీడిపప్పు బేరంలో పడితే, మేం సారస్వత నికేతనానికి వెళ్ళాం. 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీజీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ దాచిపెట్టారు. నాకు కర్ర కన్నా పాత తెలుగు పత్రికల సంపుటాలే గొప్పగా కనిపించాయి.

చీరాల వచ్చేసరికి మూడు దాటింది. 1921లో పురపాలక పన్నులు కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరినే ఖాళీ చేసి వెళ్ళి, నెలల తరబడి పాకల్లో బతికిన చోటిది. దాని సంగతి చెబుతూ బావ ఇంకా ఊపులోనే ఉన్నాడు, నా చెవులు మాత్రం మగ్గం చప్పుడు మీదకు పోయాయి. ఒక ఇంట్లో గుంతమగ్గం దగ్గర నేతగాడు కాళ్ళు గుంతలో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక కాలు నొక్కగానే పడుగు, అంటే నిలువు పోగుల వరస, రెండుగా విడుతుంది, అడ్డపోగును మోసే నాడె అటు నుంచి ఇటు దూసుకొస్తుంది, వెంటనే దెబ్బ. పడుగులో ఒక్క పోగు తెగితే మగ్గం ఆపి, రెండు వేళ్ళ మధ్య నలిపి అతికించాడు. అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు.

ఒకప్పుడు ఇక్కడి నుంచి అరబ్బు దేశాలకు వెళ్ళిన తేలియా రుమాళ్ళ గురించి అడిగాను. నవ్వాడు. ‘మా తాతలు నేసేవాళ్ళండీ. నూలును ఆముదంలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టాలి, ఆరబెట్టాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఇప్పుడంత ఓపిక, అంత కూలి ఎవరిస్తారు?’ ఆ పని ఇప్పుడు ఎక్కువగా తెలంగాణలోని పుట్టపాకలో సాగుతోంది. మేం రెండు నూలు చీరలు తీసుకున్నాం. బేరమాడొద్దని బావ కళ్ళతోనే హెచ్చరించాడు.

ఇంకో పాత రేవు నిజాంపట్నం మిగిలిపోయింది. డచ్చివాళ్ళు 1606 నాటికే అక్కడ దిగారు, 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ ఓడ మచిలీపట్నం కన్నా ముందు అక్కడే ఆగింది. ఈ వానలు తగ్గాక అటు వెళ్దామని కారులోనే మాటయింది. చేపల పులుసు ఎక్కడ బాగుంటుందో కనుక్కునే బాధ్యత నాది, శాసనాల సంగతి ఎలాగూ బావదే.