పెద్దమ్మ కంప్యూటర్‌లో మారిపోయిన పట్టీ

ఈ రోజు మధ్యాహ్నమంతా విశాఖపట్నం అక్కయ్యపాలెంలో, పెద్దమ్మ కంప్యూటర్ ముందు గడిచింది. నెలాఖరు. వాళ్ల అపార్ట్‌మెంటు సంఘం లెక్కలు చూసేది పెద్దమ్మే. రసీదులు ఇవ్వాల్సిన సమయానికి తెర మీద ఏదీ ఉండాల్సిన చోట లేదు.

పొద్దున్నే ఫోను చేసింది. "మూలన నొక్కితే స్టార్ట్ రావడం లేదే, వార్తలు వస్తున్నాయి. ఎక్సెల్ బొమ్మ లేదు. ఎడమ పక్కన ఉండే పట్టీ కిందికి దిగిపోయింది."

"నిన్న రాసి దాచిన లెక్క ఇవాళ తెరుచుకుంటోందా పెద్దమ్మా?" అని అడిగాను ముందు.

టాస్క్‌బార్, అంటే ప్రోగ్రాముల బొమ్మలుండే ఆ పట్టీ, రాత్రికి రాత్రి కొత్త రూపంలో కనబడితే మొదట తేల్చుకోవాల్సింది అదే. మన ఫైళ్లూ అమరికలూ ఉండే యూజర్ ప్రొఫైల్ దెబ్బతింటే విండోస్ ఒక్కోసారి తాత్కాలిక ప్రొఫైల్‌తో తెరుచుకుంటుంది. అందులో డెస్క్‌టాప్ మీద దాచిన ఫైళ్లు సైన్ అవుట్ చేయగానే పోతాయి. అది తెలియక రోజంతా పనిచేసినవాళ్ల కష్టం తలచుకుంటే భయమేస్తుంది. పెద్దమ్మ ఫైలు తెరిచి చూసి, నిన్నటి అంకెలు ఉన్నాయంది. అప్పుడు నా మనసు కుదుటపడింది. ఎంవీపీ కాలనీలో ఆటో ఎక్కి, మద్దిలపాలెం మీదుగా వెళ్లాను.

చూడగానే కారణం తెలిసింది. నెమ్మదిగా నడుస్తోందని కంప్యూటర్‌ను కిందటి వారం ఒక దుకాణంలో ఇచ్చారు. వాళ్లు పాత విండోస్ 10 తీసేసి, విండోస్ 11 వేసి, ఫైళ్లు తిరిగి ఎక్కించి పంపారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కాబట్టి ఆ పనిని తప్పుపట్టలేను. నా బాధంతా ఒక్కటే. ఏమేం మారతాయో డెబ్బై దాటిన మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు.

పెద్దమ్మ కంప్యూటర్‌ను పేర్లతో నేర్చుకోలేదు, చోట్లతో నేర్చుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని ఊపేసినప్పుడు సంఘం లెక్కల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఆ తరువాతే లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి మార్చాలని పట్టుబట్టి, ఎవరి మీదా ఆధారపడకుండా సాధన చేసింది. ఎడమ అంచున నిలువుగా పట్టీ, అందులో పైనుంచి రెండోది ఎక్సెల్, దాని కింద ప్రింటరు ఫోల్డరు. కన్ను చూడకముందే చెయ్యి అక్కడికి వెళ్లేది. పోపులపెట్టెలో గిన్నెలు ఎవరో మార్చేస్తే వంటమనిషికి ఎలా ఉంటుందో ఆవిడకు ఈ వారం అలా ఉంది. "నాకు మతిమరుపు వచ్చిందేమో అనుకున్నానమ్మా" అంది. ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. ఆవిడ జ్ఞాపకంలో ఏ లోపమూ లేదు. జ్ఞాపకం ఉంచుకున్న చోటే మారిపోయింది.

విండోస్ 11లో బొమ్మలన్నీ మొదట పట్టీ మధ్యలో వరుసగా ఉంటాయి. స్టార్ట్ కూడా అక్కడికే జరుగుతుంది. ఖాళీ అయిన ఎడమ మూలన వాతావరణం గుర్తు కూర్చుంటుంది. మౌస్ దాని మీద ఆగితే చాలు, వార్తల పలక తెరుచుకుంటుంది. పెద్దమ్మకు కనబడిన వార్తలు ఇవే.

పట్టీ మీద కుడి క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాం. మౌస్ ఆవిడ చేతిలోనే ఉంచాను. ఆ వార్తల పలక పేరు విడ్జెట్స్, దాన్ని ఆపేసింది. టాస్క్‌బార్ బిహేవియర్స్ కింద అలైన్‌మెంట్‌ను ఎడమకు మార్చగానే స్టార్ట్ మూలకు వచ్చేసింది, ఆవిడ ముఖం వికసించింది. తెరిచిన ఫైళ్లన్నీ ఒకే బొమ్మ కింద దాక్కోకుండా, కలపడం గురించిన ఎంపికను నెవర్‌కు మార్చాం. ఇప్పుడు నీటి ట్యాంకర్ల షీటు, లిఫ్టు నిర్వహణ షీటు వేటికవే పేర్లతో కనబడుతున్నాయి. ఎక్సెల్ బొమ్మ పట్టీ మీద ఎప్పుడూ ఉండేలా పిన్ చేశాం. తెలుగు కీబోర్డు కూడా పోయింది. భాషల్లో మళ్లీ చేర్చి, విండోస్ మీటతో స్పేస్ నొక్కితే భాష మారుతుందని చూపించాను.

నడుమ ఒకసారి పట్టీ బిగుసుకుపోయింది. దేని మీద నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేశాను. పట్టీ మాయమైన క్షణంలో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది, "లెక్కలు పోతాయే!" అంటూ. పట్టీని చూపించేది ఎక్స్‌ప్లోరర్, ఎక్సెల్ వేరే ప్రోగ్రాము, దాని జోలికి ఇది వెళ్లదని చెప్పేలోపే పట్టీ తిరిగొచ్చింది. షీటు చెక్కుచెదరలేదు.

తిరిగి తేలేనిది ఒకటి మిగిలింది, ఆ నిలువు పట్టీ. 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైనప్పుడు, పట్టీని పక్క అంచులకు జరిపే వీలు అందులో లేకుండా పోయింది. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఉన్న సౌకర్యమది. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న తెరల మీద లెక్కలు రాసేవాళ్లకు అదెంత మేలో తీసేసినవాళ్లు ఆలోచించాల్సింది. విండోస్ లోపలి అమరికలుండే రిజిస్ట్రీలో ఏదో మార్చితే వస్తుందనే చిట్కాలు తిరుగుతుంటాయి. తరువాతి అప్‌డేట్‌తో తెగిపోయే ఏర్పాటును లెక్కలున్న కంప్యూటర్‌లో పెట్టడం నాకిష్టం లేదు. అదే చెప్పాను.

పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నాకు కావలసింది పట్టీ కాదులే, వరుసలు. అన్ని ఫ్లాట్లూ ఒకే చూపులో కనబడాలి" అంది.

దానికి దారి ఉంది. ఎక్సెల్‌లో కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కితే పైనున్న మీటల రిబ్బను ముడుచుకుంటుంది. నొక్కి చూసింది. పాత పట్టీ వల్ల మిగిలిన చోటుకన్నా ఎక్కువే దొరికింది, చివరి ఫ్లాటు దాకా జరపకుండానే కనబడింది. రసీదుల పని అప్పుడు మొదలుపెట్టి, టీ వేళకు ముగించింది.

సంఘం గదిలో ఉన్న రెండో కంప్యూటర్ కూడా వచ్చే నెల అదే దుకాణానికి వెళ్లాలట. ఇచ్చే ముందు దాని తెరను ఫోనులో ఫోటో తీసి ఉంచమన్నాను. బాగుచేసే అబ్బాయికి ఆ ఫోటో చూపించి, "ఇవన్నీ ఇలాగే ఉండాలి, ఉండనివి ముందే చెప్పు" అని తానే అడుగుతానంది.