బ్రెగ్జిట్ మూసేసిన దారులు

బ్రెగ్జిట్‌తో, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తే, వలసలు తగ్గుతాయని 2016లో ఓటేసినవాళ్లలో చాలామంది నమ్మారు. జరిగింది వేరు. యూరప్ వాళ్లు స్వేచ్ఛగా వచ్చి పనిచేసుకునే హక్కు 2020 చివరితో పోయింది, తర్వాత మనవాళ్లూ నైజీరియా వాళ్లూ స్టూడెంట్, కేర్ వర్కర్ వీసాల మీద పెద్దసంఖ్యలో వచ్చారు, లెస్టర్‌లో మా వీధిలోనే గుంటూరు, ఖమ్మం పిల్లలు ఎంతమందో.

నాకు బాధనిపించేది మాత్రం ఆశ్రయం కోరి వచ్చేవాళ్ల సంగతి. శనివారాలు వాళ్లకి ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్తుంటాను. ఒక సూడాన్ అబ్బాయి ఫోన్‌లో తమ్ముడి ఫోటో చూపించాడు. ఫ్రాన్స్ తీరంలో బ్రిటన్‌కి ఎదురుగా ఉన్న కలే ఊరి దగ్గర టెంటు, బురద, ఒంటి మీద తనకి రెండింతలున్న కోటు. పదిహేనేళ్లు కూడా ఉండవు. ఇదివరకు డబ్లిన్ నిబంధన ఉండేది, ఆశ్రయం కేసు ఏ దేశం చూడాలో తేల్చే యూరోపియన్ యూనియన్ నియమం అది, ఇలా ఒంటరిగా ఉన్న పిల్లలకి బ్రిటన్‌లో అన్నో అక్కో ఉంటే కేసు ఇక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. వేరే దేశంలో ముందే దరఖాస్తు పెట్టినవాళ్లని బ్రిటన్ తిప్పి పంపగలిగింది కూడా దాని కిందే. యూనియన్ వదిలేసరికి రెండూ పోయాయి. 2022లో ఫ్రాన్స్ నుంచి సముద్రం దాటి చిన్న పడవల్లో 45 వేల మందికి పైగా వచ్చారు, కారణం ఇదొక్కటే అనను, కానీ సరైన దారి మూసేసి పడవ ఎందుకెక్కావని పిల్లాణ్ని అడగడం అన్యాయం. 2025లో ఫ్రాన్స్‌తో ఒకరిని పంపి ఒకరిని తీసుకునే ఒప్పందం చేసుకున్నారు గానీ అది చాలా చిన్నది. తోబుట్టువులున్న పిల్లలకైనా పాత దారి తెరవమని మా ఎంపీకి రాశాను, ఇక్కడున్న మనవాళ్లు మీరూ రాయండి.