సూడాన్ సంగతి నాకెందుకంటే

సెలవు మీద కోరుట్లకు వచ్చి ఉన్నప్పుడు, సూడాన్‌లో ఎల్ ఫాషర్ నగరం పడిపోయిందన్న వార్త చూసి నేను అన్నం ముందు కూర్చుని కూడా తినలేకపోతే, పెద్దబావ గట్టిగానే మందలించాడు. "ఆళ్లల్ల ఆళ్లు కొట్టుకుంటే నీకెందుకు బామ్మర్దీ? నీ బతుకుదెరువు నువ్వు సూస్కో" అన్నాడు. బావకు ఎదురు చెప్పలేదు గానీ, ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

సౌదీలోని జెద్దాలో, మా పనివాళ్ల క్యాంపులో, నా పక్క మంచం సూడాన్‌లోని వద్ మదనీ పట్నం వాసిది. నాకు కామెర్లు వచ్చినప్పుడు పథ్యం వండిపెట్టింది అతడే. 2021లో కలిసి అధికారాన్ని చేజిక్కించుకున్న సైన్యాధిపతి బుర్హాన్ సైన్యమూ, హెమెద్తీ నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళాలూ 2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్తూమ్‌లో ఒకరిమీదొకరు తుపాకులు ఎక్కుపెట్టారు. ఆ డిసెంబరులో వద్ మదనీ ఆర్‌ఎస్‌ఎఫ్ వశమైంది. 2025 జనవరిలో సైన్యం దాన్ని, మార్చిలో ఖార్తూమ్‌ను తిరిగి పట్టుకుంది. అక్టోబరులో, ఏడాదికి పైగా సాగిన ముట్టడి తర్వాత, ఎల్ ఫాషర్ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయింది. ఊరు చేతులు మారిన ప్రతిసారీ, నిన్నటిదాకా ఎవరికి సాయపడ్డావన్న అనుమానం మిగిలినవాళ్ల మీద పడుతుంది. రాత్రి అన్నలకు అన్నం పెట్టి, పగలు పోలీసుల దెబ్బలు తిన్న పల్లెల్లో పెరిగిన మా బావకు ఇది నేను చెప్పాలా?

అయితే మన పల్లెల మీదికి పరాయి దేశాల డ్రోన్లు రాలేదు. అక్కడ సైన్యానికి ఈజిప్టు అండ ఉంది, ఇరాన్, తుర్కియే డ్రోన్లు అందాయి. అవతలి పక్షానికి యూఏఈ నుంచి ఆయుధాలు వెళ్తున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2024లో నివేదించారు, ఆ దేశం మాత్రం కాదంటోంది. కొలంబియా నుంచి కిరాయి సైనికులు కూడా వచ్చారు. సూడాన్ గనుల బంగారంలో అధికభాగం చేరేది దుబాయికే; మన పెళ్లిళ్లకు మనం మురిసిపోతూ తెచ్చుకునే బంగారమూ ఆ బజారుదే. ఇంతమంది చేతులున్న యుద్ధాన్ని ఇంటి కొట్లాట అని ఎట్లా అనగలం?

బయటి సరఫరా ఆగనంతకాలం, ఈరోజు గెలిచినవాడే రేపూ ఊళ్లో ఉంటాడన్న భరోసా ఎవరికీ లేదు. అందుకే నా పక్క మంచం మిత్రుడు ఈజిప్టులోని కైరోలో తలదాచుకున్న తల్లినీ పిల్లలనూ ఇంకా ఇంటికి పొమ్మనలేదు. ఇద్దరి జీతాలు ఒకే రోజున పడతాయి, నాది కోరుట్లకు, అతనిది కైరోలో ఇంటి కిరాయికి.