ఒక ఫ్రీబీఎస్‌డీ పోర్టు, దాని సర్వీస్ అకౌంట్: నా అనుభవం

ఫ్రీబీఎస్‌డీ యూనిక్స్ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్. ఒక సాఫ్ట్‌వేర్‌ని దాని మీద బిల్డ్ చేసి ప్యాకేజీగా మార్చే సూచనల కట్టని పోర్టు అంటారు. అవన్నీ ఉండే పోర్ట్స్ ట్రీలో 30,000కు పైగా పోర్టులు ఉన్నాయి. 1994లో జోర్డన్ హబ్బర్డ్ మొదలుపెట్టిన పద్ధతే ఇప్పటికీ సాగుతోంది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక డైరెక్టరీ, అందులో బిల్డ్ ఎలా చేయాలో చెప్పే ఒక మేక్‌ఫైల్, ఆ మేక్‌ఫైల్‌లో దాన్ని చూసుకునే మెయింటెయినర్ ఈమెయిల్. చూసుకునేవాళ్లు ఎవరూ లేకపోతే అక్కడ ప్రాజెక్టు ఉమ్మడి చిరునామా ఉంటుంది. అలాంటి పోర్టుకి కొత్త వెర్షన్ రావాలంటే బయటివాళ్లు ఎవరో ఒకరు పూనుకోవాల్సిందే.

మా ఆఫీసు స్టోరేజ్ సర్వర్లు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ కోసమని ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తాయి. మిగతా మెషీన్లన్నీ డెబియన్ లినక్స్. అన్నిచోట్ల నుంచీ లాగ్స్ పోగుచేసి ఒకచోట పెట్టడానికి ఒక చిన్న డీమన్ (వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) వాడుతున్నాం. ఫ్రీబీఎస్‌డీలో దాని పోర్టుకి దిక్కు లేదు. అసలు ప్రాజెక్టు వాళ్లు కొత్త వెర్షన్లు ఇస్తూనే ఉన్నారు, పోర్టు మాత్రం పాతదాని దగ్గరే ఆగిపోయింది. దాన్ని నేనే తీసుకుందామనుకున్నాను. అందుకు కమిట్ హక్కులు, అంటే ట్రీని నేరుగా మార్చే అధికారం, అక్కర్లేదు. అప్‌డేట్ ప్యాచ్ తయారుచేసి, మెయింటెయినర్ లైన్‌లో మన ఈమెయిల్ పెట్టి ప్రాజెక్టు బగ్ ట్రాకర్ అయిన బగ్‌జిల్లాలో వేస్తే, ఎవరో ఒక కమిటర్ చూసి బాగుంటే ట్రీలో కలుపుతారు.

వెర్షన్ పెంచే పని తొందరగానే అయిపోయింది. మేక్‌ఫైల్‌లో వెర్షన్ నంబర్ మార్చి మేక్‌సమ్ నడిపితే కొత్త టార్‌బాల్ (సోర్స్ కోడ్ కట్ట) హ్యాష్, సైజు డిస్ట్‌ఇన్ఫో ఫైల్‌లోకి వచ్చేస్తాయి. పాత ప్యాచ్‌లు చాలావరకు ప్రాజెక్టు వాళ్లు ఎప్పుడో కలిపేసుకున్నారు కాబట్టి వాటిని తీసేశాను. తర్వాత పూడ్రియేర్ అనే బిల్డ్ టూల్‌తో శుభ్రమైన జైళ్లలో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చోట్లలో) ఫ్రీబీఎస్‌డీ 13 మీద, 14 మీద బిల్డ్ చేశాను. 13లో సాఫీగా అయింది, 14లో ఆగింది. 13లో ఉన్న ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1, 14లో 3.0. ఈ డీమన్ వాడే పాత ఫంక్షన్లు 3.0లో ఇంకా పనిచేస్తాయి గానీ, వాడొద్దని కంపైలర్ హెచ్చరిస్తుంది. ప్రాజెక్టు వాళ్లేమో ప్రతి హెచ్చరికనీ ఎర్రర్‌గా లెక్కించే ఫ్లాగ్ పెట్టుకున్నారు. కోడ్ రాసేవాళ్ల మెషీన్‌లో ఆ ఫ్లాగ్ ఉండటం మంచిదే. ప్యాకేజీలో ఉంటే మాత్రం కంపైలర్ మారినప్పుడల్లా బిల్డ్ పడిపోతుంది. తీసేశాను, రెండిట్లోనూ అయింది.

అసలు పనంతా ఆ డీమన్ ఏ అకౌంట్ మీద నడవాలన్న దగ్గరే పడింది.

పాత పోర్టు దాన్ని నోబడీ అకౌంట్ మీద నడిపేది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి నడుస్తున్న ప్రాసెస్‌లని చూపించే టాప్ కమాండ్ అవుట్‌పుట్ చూసి, "అన్నా, ఈ నోబడీ పేరు మీద ఇంకో సర్వీస్ కూడా నడుస్తోంది. రెండూ ఒకటేనా?" అని అడిగాడు. రెండూ వేర్వేరు. కానీ యూనిక్స్‌కి ఆ తేడా తెలియదు. ఒకే అకౌంట్ మీద నడిచే ప్రాసెస్‌లు ఒకదాని ఫైళ్లు ఒకటి చదవగలవు, ఒకదాన్ని ఒకటి చంపగలవు. నోబడీ అకౌంట్‌ని అసలు దాని పేరు మీద ఏ ఫైలూ ఉండకూడదన్న ఉద్దేశంతో పెట్టారు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో అవతలి మెషీన్ రూట్ (అన్ని అధికారాలూ ఉండే అకౌంట్) వస్తే, అధికారాలు తీసేసి ఈ అకౌంట్ కింద లెక్కగడతారు. లాగ్ ఫైళ్లన్నీ దాని పేరు మీదే ఉంటే ఆ ఏర్పాటుకి అర్థమే లేదు. అందుకని ఈ డీమన్‌కి సొంత అకౌంట్ ఇవ్వాలని నిర్ణయించుకున్నాను.

ఫ్రీబీఎస్‌డీ పోర్టుల్లో అకౌంట్‌కి అంకె ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవడం కుదరదు. ట్రీ మొదట్లోనే యూఐడీస్, జీఐడీస్ అని రెండు ఫైళ్లు ఉంటాయి. యూఐడీ అంటే అకౌంట్ అంకె, జీఐడీ అంటే గ్రూప్ అంకె. ఏ పోర్టు సృష్టించే అకౌంట్ అయినా తన అంకెతో సహా అందులో ఒక లైన్‌గా ఉండాలి. వెబ్ సర్వర్ 80, మైఎస్‌క్యూఎల్ 88, పోస్ట్‌గ్రెస్ 770. ఎక్కడ ఏ మెషీన్ మీద ఇన్‌స్టాల్ చేసినా అంకె ఒకటే. పొలాన్ని ఊళ్లోవాళ్లు ఏ పేరుతో పిలిచినా రికార్డులో ఉండేది సర్వే నంబరు. ఫైల్‌సిస్టమ్ కూడా అకౌంట్ పేరు రాసుకోదు, అంకె రాసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ అకౌంట్ ఒకప్పుడు పీజీఎస్‌క్యూఎల్ అనే పేరుతో, 70 అంకెతో ఉండేది. 9.6 వెర్షన్ నుంచి పేరూ అంకే రెండూ మారాయి. అప్పుడు పాత డేటా డైరెక్టరీల ఓనర్‌షిప్ మార్చుకుంటూ కూర్చున్నవాళ్లకి, ఈ ఒక్క లైన్ ఎంత కాలం వెంటాడుతుందో బాగా తెలుసు.

ఖాళీగా ఉన్న అంకె ఒకటి చూసుకుని, గ్రూప్‌కి కూడా అదే అంకె వచ్చేలా రెండు ఫైళ్లలోనూ లైన్లు చేర్చాను. ఆ లైన్ మాస్టర్ పాస్‌వర్డ్ ఫైల్ రూపంలోనే ఉంటుంది. పాస్‌వర్డ్ చోట నక్షత్రం గుర్తు, అంటే ఏ పాస్‌వర్డ్‌తోనూ లోపలికి రాలేరు. హోమ్ డైరెక్టరీ చోట లేని డైరెక్టరీ పేరు, షెల్ చోట లాగిన్ అవనివ్వని నోలాగిన్. డేటా డైరెక్టరీనే హోమ్‌గా పెడితే సౌకర్యం కదా అని అనిపిస్తుంది. కానీ హోమ్ డైరెక్టరీ ఉండి, అందులో రాసే హక్కు కూడా ఉంటే, ఆ డీమన్‌ని లొంగదీసుకున్నవాడు అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ కీ ఒకటి పడేసి పోవచ్చు. అవసరం లేనిది ఇవ్వకపోవడమే మేలు. మేక్‌ఫైల్‌లో యూజర్స్, గ్రూప్స్ అని చెరొక లైన్ పెడితే, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అకౌంట్ లేకపోతే సృష్టిస్తుంది, ఉంటే ఉన్నదాన్నే వాడుకుంటుంది.

డేటా డైరెక్టరీ ఓనర్‌ని, అనుమతుల్ని ప్యాకింగ్ లిస్టులోనే 750 (ఓనర్‌కి అన్నీ, గ్రూప్‌కి చూడటం వరకే, బయటివాళ్లకి ఏమీ లేదు) అని రాసేశాను. డీమన్ తన ప్రాసెస్ నంబర్ రాసుకునే పీఐడీ ఫైల్ ఉండే రన్ డైరెక్టరీ సంగతి వేరు. బూట్ అయ్యేటప్పుడు ఫ్రీబీఎస్‌డీ అందులోని ఫైళ్లు తీసేస్తుంది. దాన్ని మెమరీలో పెట్టుకున్న మెషీన్లలో అయితే సబ్ డైరెక్టరీలు కూడా పోతాయి. అలాంటిచోట ప్యాకేజీ పెట్టిన సబ్ డైరెక్టరీని నమ్ముకుంటే డీమన్ ఇన్‌స్టాల్ చేసిన రోజు బాగా నడిచి, రీబూట్ అయ్యాక లేవదు. అందుకని సర్వీస్‌ని లేపే ఆర్‌సీ స్క్రిప్ట్‌లో, సర్వీస్ మొదలయ్యే ముందు ఆ డైరెక్టరీని సరైన ఓనర్‌తో సృష్టించే అడుగు చేర్చాను.

ఇక్కడ ఇంకో చిక్కు. మెషీన్లు లాగ్స్ పంపే సిస్‌లాగ్ పద్ధతికి డీమన్ 514 పోర్ట్ మీద వినాలి (ఇది ప్యాకేజీ పోర్టు కాదు, నెట్‌వర్క్ పోర్ట్ నంబర్). 1024 కంటే తక్కువ నంబర్లు తెరవాలంటే రూట్ కావాలి. కాబట్టి ఆర్‌సీ స్క్రిప్ట్ నేరుగా కొత్త అకౌంట్‌తో డీమన్‌ని మొదలుపెట్టలేదు. డీమన్ రూట్‌గా లేచి, 514 తెరిచి, తర్వాత తనంతట తాను కొత్త అకౌంట్‌లోకి దిగాలి. కాన్ఫిగ్ ఫైల్‌లో దానికో ఆప్షన్ ఉంది. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్‌లో చూస్తే కొత్త పేరే కనిపిస్తోంది. అంతటితో సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు. ప్రాక్‌స్టాట్ కమాండ్‌కి క్రెడెన్షియల్స్ (ప్రాసెస్‌కి ఉన్న అకౌంట్, గ్రూపుల అంకెలు) చూపించే ఆప్షన్ ఇచ్చి నడిపాను. యూఐడీ సరిగ్గా ఉంది, జీఐడీ సరిగ్గా ఉంది. గ్రూపుల వరస చివర మాత్రం 5 అని కనిపించింది.

చూసి ఉలిక్కిపడ్డాను. ఫ్రీబీఎస్‌డీలో 5 అంటే ఆపరేటర్ గ్రూప్. రూట్ అందులో సభ్యుడు. డిస్క్ డివైస్ ఫైళ్లు రూట్ పేరు మీద, ఆపరేటర్ గ్రూప్‌తో, 640 అనుమతులతో, అంటే ఆ గ్రూప్ సభ్యులు చదవగలిగేలా ఉంటాయి. బ్యాకప్ తీసేవాళ్లు రూట్ కాకుండానే డంప్ నడపగలగాలని ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు అది. అంటే, రూట్ షెల్ నుంచి ఎవరైనా ఈ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే, పేరుకి అది ఏ హక్కులూ లేని అకౌంట్. నిజానికి మొత్తం డిస్క్‌ని బ్లాక్ బ్లాక్‌గా చదవగల ప్రాసెస్. ఫైళ్ల మీద మనం పెట్టుకున్న అనుమతులేవీ దానికి అడ్డురావు. నోబడీ మీద నడిచినన్నాళ్లూ కూడా ఇదే పరిస్థితి.

కోడ్ తెరిచి చూస్తే కారణం తేటగానే ఉంది. గ్రూప్‌ని మార్చే సెట్‌జీఐడీ ఉంది, అకౌంట్‌ని మార్చే సెట్‌యూఐడీ ఉంది, అదనపు గ్రూపుల్ని వదిలించే పిలుపు లేదు. ఇందులో వరస కూడా ముఖ్యం. ముందు అదనపు గ్రూపులు, తర్వాత జీఐడీ, ఆఖరున యూఐడీ. యూఐడీ ముందే వదిలేస్తే మిగతా రెండూ మార్చే అధికారం చేతిలో ఉండదు. అదనపు గ్రూపుల్ని సరిచేసే ఇనిట్‌గ్రూప్స్ పిలుపు ఒకటి, అది విఫలమైతే ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేసే రెండు లైన్లు చేర్చాను. విఫలమైనా ముందుకు సాగిపోయే కోడ్ రాస్తే అసలు రాయనట్టే. బయట ఎక్కడా పెట్టకుండా ముందు ప్రాజెక్టు వాళ్లకి ప్రైవేటుగా రాశాను. వాళ్లు ఒప్పుకుని తమ కోడ్‌లో కలిపారు. అప్పుడే నా ప్యాచ్‌ని పోర్టు ఫైల్స్ డైరెక్టరీలో పెట్టాను. మళ్లీ ప్రాక్‌స్టాట్ నడిపితే కొత్త గ్రూప్ తప్ప ఇంకే అంకె లేదు. డీమన్‌లకి ప్యాకేజీలు చేసే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. పీఎస్ చూపించే పేరు చాలదు.

పాత వెర్షన్ వాడుతున్నవాళ్ల సంగతి తర్వాత ఆలోచించాను. వాళ్ల లాగ్ ఫైళ్లన్నీ నోబడీ పేరు మీద ఉన్నాయి. అప్‌గ్రేడ్ అవగానే కొత్త అకౌంట్ వాటిని తెరవలేదు. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లోనే ఓనర్‌షిప్ మార్చేస్తే పోతుంది కదా అనొచ్చు. నేను ఒప్పుకోను. ఒక అడ్మిన్ ఆ డైరెక్టరీని ఇంకెక్కడికో లింక్ చేసి ఉండొచ్చు, అందులో వేరే సర్వీస్ ఫైళ్లు కూడా ఉండొచ్చు. వేరేవాళ్ల మెషీన్ మీద రూట్‌గా, వాళ్లకి చెప్పకుండా, డైరెక్టరీ చెట్టంతా మార్చే హక్కు ప్యాకేజీకి లేదు. ఫ్రీబీఎస్‌డీలో ప్యాకేజీ సందేశాన్ని అప్‌గ్రేడ్ చేసేవాళ్లకి మాత్రమే, ఫలానా వెర్షన్ కంటే పాతది ఉన్నవాళ్లకి మాత్రమే కనిపించేలా పెట్టొచ్చు. సర్వీస్ ఆపండి, ఈ కమాండ్‌తో ఓనర్‌ని మార్చండి, మళ్లీ మొదలుపెట్టండి అని సందేశం రాశాను. ఇలాంటి మార్పుల్ని అందరికీ తెలియజేసే అప్‌డేటింగ్ ఫైల్‌లో కూడా అదే రాశాను.

ప్యాకేజీ తీసేసినప్పుడు అకౌంట్ ఎందుకు పోదని చాలామంది అడుగుతారు. పోకూడదు. ప్యాకేజీ పోయినా లాగ్ ఫైళ్లు మిగులుతాయి. అకౌంట్ పోతే అవి ఏ పేరూ లేని అంకెకి సొంతమై ఉంటాయి. రేపు అదే అంకెతో ఇంకెవరైనా అకౌంట్ చేస్తే ఆ ఫైళ్లు చడీచప్పుడు లేకుండా వాళ్లవైపోతాయి. అందుకే ఫ్రీబీఎస్‌డీ, కావాలంటే మీరే తీసేసుకోండని చెప్పి ఊరుకుంటుంది.

మా ఆఫీసులో ఈ అంకె గొడవ డెబియన్ వైపు కూడా తగిలింది. డెబియన్‌లో 0 నుంచి 99 వరకు స్థిరమైన అంకెలు. మామూలు సర్వీస్ అకౌంట్లకి 100 నుంచి 999 లోపల, ఇన్‌స్టాల్ అయ్యే సమయానికి ఏది ఖాళీగా ఉంటే అది వస్తుంది. ఒక్క మెషీన్ వరకూ అది చక్కటి పద్ధతే. మేము లాగ్ డైరెక్టరీని ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 3తో పంచుకుంటాం. మామూలు సెటప్‌లో నెట్‌వర్క్ మీద వెళ్లేది పేరు కాదు, అంకె. ఫ్రీబీఎస్‌డీ వైపు లాగ్ డీమన్‌కి ఉన్న అంకె ఒక డెబియన్ మెషీన్‌లో ఇంకేదో సర్వీస్‌ది అయితే, ఆ సర్వీస్ మా లాగ్స్ అన్నీ చదివేస్తుంది. అందుకని డెబియన్ మెషీన్లలో ప్యాకేజీ పెట్టకముందే, ట్రీలో నమోదైన అంకెతోనే మేమే అకౌంట్ సృష్టిస్తున్నాం. ప్యాకేజీ వచ్చి, అకౌంట్ ఉందని చూసుకుని దాన్నే వాడుకుంటుంది. మెషీన్లని సెటప్ చేసే అన్సిబుల్ టూల్‌లో ఆ పనిని ప్యాకేజీ ఇన్‌స్టాల్ కంటే ముందు పెట్టాం. ఆ వరస ఎవరూ మార్చకూడదని పక్కనే కామెంట్ కూడా రాశాం.

బగ్‌జిల్లాలో వేశాక కమిటర్ అడిగిన ప్రశ్నలు రెండే ముఖ్యమైనవి. నిజంగా కొత్త అకౌంట్ కావాలా, రూట్‌గా లేవడం తప్పదా. రెండిటికీ పైన చెప్పిన కారణాలే రాశాను. 514 కాకుండా పెద్ద నంబర్ పోర్ట్ వాడేవాళ్లు మొదటినుంచీ కొత్త అకౌంట్‌తోనే నడుపుకునేలా ఆర్‌సీ స్క్రిప్ట్‌లో ఒక వేరియబుల్ పెట్టమని సూచించారు. మంచి సూచన, పెట్టాను. కొన్నాళ్లకి ట్రీలో కలిసింది. మొదట లేటెస్ట్ శాఖలో ప్యాకేజీ వచ్చింది. చాలామంది వాడేది క్వార్టర్లీ శాఖ. అది జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ మొదట్లో కొత్తగా తీస్తారు. గ్రూపుల సవరణ భద్రతకి సంబంధించింది కాబట్టి దాన్ని ఆగకుండా క్వార్టర్లీలోకి కూడా తెమ్మని అడిగాను, తెచ్చారు.

మెయింటెయినర్ అయ్యాక బాధ్యత కూడా ఉంటుంది. నా పోర్టు మీద ఎవరైనా ప్యాచ్ పంపితే రెండు వారాల్లో జవాబివ్వాలి, లేకపోతే కమిటర్లు నా అనుమతి లేకుండానే కలిపేయొచ్చు. మూడు నెలలు ఉలుకూ పలుకూ లేకపోతే పోర్టే నా చేతిలోంచి పోతుంది. ఈ నియమం నాకు నచ్చింది. బిల్డ్ క్లస్టర్‌లో ఎక్కడైనా పోర్టు ఫెయిలైతే లాగ్‌తో సహా మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ సబ్జెక్ట్‌లో నా పోర్టు పేరు కనిపిస్తే ఇప్పటికీ కాస్త టెన్షనే.

ప్రాజెక్టు వాళ్ల తర్వాతి రిలీజ్‌లో నా సవరణ ఉంది కాబట్టి పోర్టులోంచి ఆ ప్యాచ్ తీసేశాను. ఇప్పుడు 514 పోర్ట్‌ని ఒక్క ఈ అకౌంట్‌కే తెరిచే పోర్ట్‌ఏసీఎల్ మాడ్యూల్‌తో పరీక్షిస్తున్నాను. అది కుదిరితే డీమన్‌కి రూట్‌తో పనే ఉండదు. దాని సెటప్‌ని ప్యాకేజీ సందేశంలో ఐచ్ఛికంగా చేర్చే ప్యాచ్ బగ్‌జిల్లాలో వేయాల్సి ఉంది.