కాల్గరీ చలికాలంలో, బేస్‌మెంట్‌లో మిరప మొక్కలు: నా అనుభవం

కెనడాలోని కాల్గరీలో డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు అటూ ఇటూగానే ఉంటుంది. కిటికీ పక్కన పెట్టిన తులసే నీరసించిపోయే ఊళ్లో మిరప పెంచుతానంటే మా ఆవిడ నవ్వి ఊరుకుంది. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ (ఇల్లు వెచ్చబెట్టే యంత్రం) పక్కన ఓ ఖాళీ మూల ఉంటే అక్కడ చిన్న గ్రో టెంట్ (మొక్కలు పెంచే గుడారం), నూరు వాట్ల ఎల్‌ఈడీ లైటు, ఒక బుల్లి ఫ్యాను అమర్చాను. ఇంటి లోపల లైటు కింద మిరప వేద్దామనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎక్కువగా ఎరువు గురించే చెబుతాను, అసలు తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి.

విత్తనాలు ఇండియన్ స్టోర్‌లో కొన్న ఎండుమిరపకాయల్లోవే. ఎండలో ఆరిన కాయైతే గింజ చక్కగా మొలుస్తుంది. బాగా వేడి తగిలించి ఆరబెట్టిన సరుకైతే నమ్మకం లేదు. ప్యాకెట్ మీద గుంటూరు సన్నం అని రాసి ఉన్నా లోపలిది హైబ్రిడ్ కాయైతే మొక్క తల్లిలా రాదు. నాకు ఆ పట్టింపు లేదు కాబట్టి ట్రే కింద హీట్ మ్యాట్ వేసి, 27 డిగ్రీల దగ్గర ఉంచి మొలిపించాను.

ఎరువు కోసం హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా మొక్కలు పెంచే పద్ధతి) సరుకులమ్మే షాపుకి వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు అడిగిన మొదటి మాట, "ఆటోఫ్లవరా, మామూలుదా?" కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. మా రాష్ట్రం ఆల్బర్టాలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. అందుకే ఆ షాపుల్లో టెంటు దగ్గర్నుంచి ఎరువు సీసా దాకా చాలా సరుకు ఆ పంటను దృష్టిలో పెట్టుకుని తయారైందే. మిరప అని చెబితే, "అదీ ఆటోఫ్లవర్ లాంటిదేలే" అన్నాడు. నిజమే. మామూలు గంజాయి మొక్కకు రాత్రి చీకటి సుమారు పన్నెండు గంటలు పడితే గానీ పూత సరిగ్గా రాదు. ఆటోఫ్లవర్ రకాలు పగలు ఎంతసేపున్నా వయసు రాగానే పూస్తాయి. మిరపా అంతే. కాండం రెండుగా చీలే మొదటి పంగలో మొగ్గ దానంతటదే వస్తుంది. టైమర్ పొద్దున ఆరుకు ఆన్, రాత్రి పదికి ఆఫ్ అని పెట్టేశాక మళ్లీ దాని జోలికి పోలేదు.

మట్టి బదులు కొబ్బరి పొట్టు వాడాను. ఇటుకలా నొక్కి అమ్ముతారు, నీళ్లు పోస్తే ఉబ్బుతుంది. గాలి బాగా ఆడుతుంది, వేరు తెల్లగా పాకుతుంది. కానీ మొక్క తినడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు, పైగా కాల్షియం, మెగ్నీషియంలను తనే పట్టి ఉంచుకుంటుంది. తిండంతా మనం నీళ్లలో కలిపి పోయాల్సిందే. నిజమైన ఆకులు రెండు జతలు వచ్చేదాకా మాత్రం ఎరువు అక్కర్లేదు. గింజ తెచ్చుకున్న తిండి, మొదటి జత బీజదళాలు, వాటికి చాలు.

సీసా వెనక వారాల వారీగా చార్ట్ ఉంది. అమ్మేవాడు రాసిన చార్ట్ అమ్మకానికి అనుకూలంగానే ఉంటుందని నా అనుమానం. తేల్చుకుందామని ఒకే వయసు మొక్కలు రెండు తీసుకుని, ఒకదానికి చార్ట్ ప్రకారం, రెండోదానికి అందులో పావు వంతు పోశాను. కొలవడానికి ఈసీ మీటర్ కొన్నాను. నీళ్లలో కరిగిన లవణం ఎంతుందో అది చెబుతుంది. ఇక్కడొక చిక్కు ఉంది. అదే నీటిని కొన్ని మీటర్లు 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు లవణమో చెప్పే లెక్క) అంటాయి, కొన్ని 700 అంటాయి. రెండూ ఈసీ 1.0 కిందే లెక్క, గుణించే అంకె మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. ఎవరైనా పీపీఎంలో సలహా ఇస్తే ఏ స్కేలో అడగండి, లేదా నాలాగా పీపీఎం వదిలేసి ఈసీయే చూడండి.

పూర్తి మోతాదు మొక్కకు ఈసీ 2 దాటింది. మొదట్లో అదే ఏపుగా పెరిగింది, నేను కూడా దానివైపే మొగ్గాను. సత్తెనపల్లి దగ్గర మిరప వేసే మా మావయ్య వీడియో కాల్‌లో చూసి, "ఏంట్రా, ఆకు అంత నల్లగా ఉంది? యూరియా దంచావా? పూత నిలవదు, చూస్కో" అన్నారు. తర్వాత అడిగింది, "పై ముడతా, కింది ముడతా?" అని. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని అక్కడి లెక్క. 2021-22లో నల్ల తామర పురుగు తోటలకు తోటలే ఊడ్చేసినప్పటి నుంచి ఆకు కాస్త వంగినా ఆయనకు టెన్షనే. భూతద్దం పెట్టి ఆకు అడుగున వెతికాను. నల్లీ లేదు, గుడ్లూ లేవు. ఆకు కొస మాత్రం గద్ద ముక్కులా కిందికి వంగి, చివర సన్నగా గోధుమ రంగులో మాడింది. అది నత్రజని ఎక్కువైన గుర్తు. మొదటి పూత అంతా తొడిమతో సహా రాలిపోయింది. పావు వంతు పోసిన మొక్క పొట్టిగానే ఉన్నా పిందె నిలిపింది.

పొలంలో వానకు, తడులకు కొంత ఎరువు కిందికి పోతుంది. కుండీలో పోసింది పోసినట్టే పేరుకుంటుంది, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది కూడా. అందుకని ప్రతిసారీ కింది కన్నాల్లోంచి పోసినదాంట్లో పదో వంతైనా కారేలా పోసి, ఆ కారిన నీటి ఈసీ చూడటం అలవాటు చేసుకున్నాను. పోసింది 1.2 అయితే కారింది 1.5 లోపు ఉంటే సరే. 2 దాటితే ఆ పూట బాగా పలచటి ఎరువు నీళ్లు దండిగా పోసి కడిగేస్తాను. అసలు మొక్క ఆకలి దాని వయసు కంటే వెలుతురును బట్టే ఉంటుందని నాకు అర్థమైంది. లైటు తక్కువున్నప్పుడు ఎంత పోసినా తినలేదు, అదంతా లవణమై కూర్చుంది. లైటు కిందికి దించి, ఆకు దగ్గర 350 మైక్రోమోల్స్ (మొక్కకు అందే వెలుతురును కొలిచే లెక్క) పడేలా పెట్టాక అదే మొక్క 1.6 దాకా హాయిగా తాగింది. చార్ట్‌లో వారాలే ఉంటాయి, మీ లైటు ఎంతో దానికి తెలియదు.

మధ్యలో ఇంకో తలనొప్పి. చిగురాకులు పసుపుపచ్చగా వచ్చాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది పసుపు ఎక్కడ మొదలైందని. నత్రజని, మెగ్నీషియం తగ్గితే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది, కాబట్టి కింది ఆకులు పండుతాయి. ఇనుమును అలా లాగలేదు, అందుకే దాని లోటు చిగురులో కనిపిస్తుంది. నా ఎరువులో ఇనుముంది. మరి లోటెందుకంటే, మా కుళాయి నీళ్లు గట్టి నీళ్లు, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్నవి. పీహెచ్ (నీటి పులుపు, క్షారం చెప్పే కొలత) ఎనిమిదికి దగ్గర్లో ఉంటే ఇనుము వేరుకు అందదు. నిమ్మరసం పిండితే పీహెచ్ దిగింది కానీ తెల్లారేసరికి మళ్లీ ఎక్కింది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన పీహెచ్ డౌన్ చుక్కలు వేసి 6 దగ్గర నిలిపితే కొత్త చిగురు పచ్చగా వచ్చింది. పండిన ఆకులు మాత్రం అలాగే ఉండిపోయాయి. గట్టి నీళ్లలో కాల్షియం ఎలాగూ ఉంటుంది కాబట్టి షాపువాడు అంటగట్టబోయిన కాల్‌మ్యాగ్ (కాల్షియం, మెగ్నీషియం కలిపిన ద్రవం) సీసా వద్దనుకుని, మెగ్నీషియం కోసం లీటరుకు చిటికెడు ఎప్సమ్ సాల్ట్ వేస్తున్నాను.

పూతప్పుడు గాలే సమస్య. ఫర్నేస్ నడిచే రోజుల్లో తేమ 20 శాతానికి పడిపోయేది. టెంట్ పక్కన హ్యుమిడిఫయర్ పెట్టి 50 దగ్గరకు తెచ్చాను. ఇంట్లో తేనెటీగలు ఉండవు కాబట్టి పువ్వు విచ్చుకున్నాక పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌ను తొడిమకు ఆనిస్తే పుప్పొడి పొగలా రాలుతుంది. ఒక్క పువ్వులోనే ఆడా మగా రెండూ ఉంటాయి, అంతకు మించి ఏమీ చెయ్యక్కర్లేదు. కుండీ చుట్టూ ఎగిరే చిన్న దోమలకు పసుపు జిగురు అట్టలు, పైపొర ఆరనివ్వడం సరిపోయాయి. కరెంటు రోజుకు లైటు వరకు 1.6 యూనిట్లు.

పిందె పట్టిన రెండు నెలలకు కాయ ఎరుపెక్కింది. మావయ్యకు ఫొటో పంపితే, "ఎకరాకు ఎన్ని క్వింటాళ్లొస్తాయేంట్రా?" అని ఎగతాళి చేశారు కానీ, కారం మాత్రం బాగానే ఉంది. కాయలు కోశాక మొక్కను రెండో పంగ దాకా కత్తిరించి, ఎరువు నీళ్ల ఈసీ 0.8కి తగ్గించి ఉంచాను. ఇక్కడ మే నెలాఖరు దాకా రాత్రిపూట మంచు భయం ఉంటుంది. అది పోయాక డెక్ మీదికి మార్చాలి. లైటు కింద పెరిగిన ఆకు నేరుగా ఎండకు తట్టుకోదు, తెల్లగా కాలిపోతుంది. వారం పాటు నీడపట్టున, రోజూ గంట గంట ఎండ పెంచుతూ అలవాటు చెయ్యాలి.