రాళ్ల ఆపరేషన్‌కి పోతే గొంతు పోయింది

గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ల్యాప్రోస్కోపీ చేశారు, మర్నాడే ఇంటికి పంపారు. అందులో చెప్పుకోవడానికేం లేదు. మెలకువ వచ్చేసరికి గొంతు మంట, మాట గాలిగాలిగా వస్తోంది. మత్తిచ్చాక ఊపిరి కోసం గొంతులో ట్యూబు వేస్తారు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని నర్సులన్నారు. చాలామందికి తగ్గుతుంది కూడా. నాకు తగ్గలేదు.

నేను ఆర్టీసీ కండక్టర్‌ని. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సంతా ఆడవాళ్లే. "ఆధార్ చూపించండమ్మా, జీరో టికెట్ తీసుకోండి" అని పొద్దంతా అరవాలి. చెకప్‌లో ఈ మాటే చెప్పబోతే, సర్జన్ మా ఆయన వైపు తిరిగి "ఇంట్లో కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది లెండి" అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు సంగతి మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు.

ఆ రాత్రి దాహమేసి వంటింట్లో నీళ్లు తాగితే పొలమారింది. దగ్గుదామంటే దగ్గుకు బలం లేదు. ఊపిరి లోపలికి పోవడం లేదు. "ఏమండీ" అంటే నా చెవికే వినపడలేదు. చేతిలోని స్టీలు గ్లాసుతో గట్టు మీద బాదాను. ముందు పరుగెత్తుకొచ్చింది అత్తమ్మ. తెల్లారేదాకా నా వీపు రాస్తూ కూర్చుని, కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది.

ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూపించింది. ఎడమవైపు స్వరతంత్రి కదలడం లేదు. ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ నరాన్ని నొక్కితే అరుదుగా ఇలా అవుతుందట, ఎక్కువమందికి నెలల్లో కోలుకుంటుందట. ఈ రెండు ముక్కలు ముందే ఎవరైనా చెబితే నేనింత హడలిపోయేదాన్నా? సంతకాలకైతే తొందరపెట్టారు. గడ్డం ఛాతీకి ఆనించి మింగమని, గుసగుసగా మాట్లాడొద్దని, అదీ గొంతుకు శ్రమేనని స్పీచ్ థెరపిస్ట్ నేర్పింది. ఆ అమ్మాయి ఓపికకు దండం. డిపోవాళ్లు కూడా మాట అవసరం లేని పనిలో కూర్చోబెట్టారు.

గొంతు మెల్లగా తిరిగొచ్చింది. సాయంత్రానికి కాస్త బొంగురుపోతుంది, అంతే. మల్లన్న దయే అంటుంది అత్తమ్మ. కాదనను, వెళ్లి రంగుల ముగ్గు వేసి చేసే పట్నం మొక్కు చెల్లించాం.

రెండు వారాలు దాటినా గొంతు రాకపోతే కెమెరా పరీక్ష చేయించుకోండి. నీళ్లు పొలమారుతుంటే అన్నాళ్లు కూడా ఆగొద్దు. మత్తిచ్చినప్పటి కాగితాలు అడిగి తీసుకోండి. నన్ను వాటి కోసం కౌంటర్ల చుట్టూ తిప్పారు, ఇప్పటికీ ఇవ్వలేదు.